బీటిల్స్ 1966లో స్టేజీ షోలు ఎందుకు మానేశారు?

ప్రశ్న: "బీటిల్స్ మంచి ఊపులో ఉండగానే టూర్లు ఎందుకు ఆపేశారు? అభిమానుల గోల నిజంగా అంత పెద్ద సమస్యా, లేక డబ్బు ఎక్కువై బద్ధకించారా?"

బద్ధకం మాట పక్కన పెట్టండి. బీటిల్స్ అంటే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్, 1960 నుంచి 62 దాకా జర్మనీలో హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రంతా గంటల తరబడి వాయించినవాళ్ళు వాళ్ళు. ఒళ్ళు దాచుకునే రకం కాదు. ప్రాణభయం, అలసట, హోటల్ గదుల్లో బందీల్లా పడి ఉండటం, ఇవన్నీ నిజమే. కానీ నా ఉద్దేశంలో అసలు దెబ్బ వేరే చోట తగిలింది. వాళ్ళు వాయించేది వాళ్ళకే వినపడకుండా పోయింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను చాలా ఏళ్ళు గోదావరి జిల్లాల్లో ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించాను. చవితి పందిళ్ళు, జాతర్లు, పెళ్ళి రిసెప్షన్లు. స్టేజీ మీద మా వైపు తిప్పి పెట్టే మానిటర్ బాక్స్ మొరాయిస్తే ఆ టెన్షన్ వాయించేవాడికే తెలుస్తుంది. జనానికి బాగానే ఉంటుంది, మనకేమీ వినపడదు. సింగర్ తన గొంతు తనకు వినపడక అరవడం మొదలుపెడతాడు, శ్రుతి ఎటో పోతుంది. డ్రమ్మర్ చెయ్యి చూసి తాళం పట్టుకోవాలి. ఒకసారి పాట మధ్యలో ఒక సినిమా హీరో గెస్టుగా స్టేజీ ఎక్కాడు. ఆ ఈలల్లో నేను తీగల మీంచి చెయ్యి తీసేసి నిలబడ్డాను. పక్కనే కీబోర్డ్ వాయిస్తున్నాయనకి కూడా తెలియలేదు. మాకది ఒక్క రాత్రి. బీటిల్స్‌కి 1963 నుంచి రోజూ అదే.

పైగా అప్పట్లో మానిటర్లే లేవు. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షియా స్టేడియంలో 55 వేలమందికి పైగా జనం. గిటార్లకి ఉన్నవి 100 వాట్ల వోక్స్ ఆంప్లిఫయర్లు. ఇవాళ మా మండలంలో చవితి పందిరికి పెట్టే సౌండ్ దానికన్నా నయం. ముందు నిలబడ్డ ముగ్గురి నడుముల కదలిక చూసి పాట ఎక్కడిదాకా వచ్చిందో పోల్చుకునేవాణ్ణని వాళ్ళ డ్రమ్మర్ రింగో తర్వాత చెప్పాడు. చివరి పాటలో గాయకుడు, గిటారిస్టు జాన్ లెనన్ మోచేత్తో కీబోర్డ్ వాయించాడు. అందరూ దాన్ని అల్లరి అంటారు. ఎలాగూ ఎవరికీ వినపడదులే అన్న తెగింపే నాకు అందులో కనిపిస్తుంది. అన్నట్టు, ఆ షియా వీడియోలో సంగీతం బాగానే ఉందే అనుకోకండి. టీవీ కోసం కొంత తర్వాత స్టూడియోలో మళ్ళీ వాయించి కలిపారు.

ఇక 1966. జూన్ 30న టోక్యో బుడోకాన్. యుద్ధవిద్యల కోసం కట్టిన హాల్లో రాక్ సంగీతమేమిటని బెదిరింపులొచ్చాయి, ఎక్కడ చూసినా పోలీసులే. హోటల్ నుంచి కదలనివ్వకపోతే నలుగురూ గదిలో కూర్చుని ఒకే కాగితం మీద బొమ్మ వేసుకున్నారు. అయితే అక్కడి జనం సీట్లలో కుదురుగా కూర్చున్నారు, గోల తక్కువ. చాలాకాలం తర్వాత వాళ్ళ పాట వాళ్ళకి వినపడింది. వినపడేసరికి, గొంతులు కలవడం లేదని, వాయించడం పాడైపోయిందని తెలిసింది. టూర్ల కథ అక్కడే ముగిసిందంటాను నేను. మిగతావన్నీ చితికి కట్టెలు పేర్చడమే.

ఆ కట్టెలు కూడా తక్కువేం కాదు. మనీలాలో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడి భార్య ఇమెల్డా మార్కోస్ విందుకి వెళ్ళలేదని రక్షణ తీసేశారు. ఎయిర్‌పోర్టులో ఎస్కలేటర్లు ఆపేశారు, వెంట ఉన్నవాళ్ళకి దెబ్బలు తగిలాయి. అక్కణ్ణుంచి ఢిల్లీ వచ్చారు. ఇక్కడ మనల్నెవరు గుర్తుపడతారులే అనుకుంటే విమానాశ్రయంలో ఇక్కడా జనమే. గిటారిస్టు జార్జ్ హారిసన్ మాత్రం సితార్ కొనుక్కున్నాడు. ఆగస్టులో అమెరికా వెళ్ళేసరికి, యేసు కన్నా మాకే ఆదరణ ఎక్కువన్న లెనన్ మాట మీద గొడవ. దక్షిణ రాష్ట్రాల్లో రికార్డులు తగలబెట్టారు. ఆగస్టు 19న మెంఫిస్ షోలో ఎవరో టపాకాయ పేలిస్తే, కాల్చింది ఎవరినోనని ఒకరినొకరు చూసుకున్నారు. రెండు రోజుల తర్వాత సెయింట్ లూయిస్‌లో వానలో వాయించాల్సి వచ్చింది. అప్పటిదాకా టూర్లు కావాలన్న బేస్ గిటారిస్టు పాల్ మెకార్ట్నీ కూడా ఆ రాత్రి ఇనుప వ్యానులో కూర్చుని మిగతావాళ్ళ మాటకి ఒప్పుకున్నాడు.

ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కో క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో ఆఖరి టికెట్ షో. 11 పాటలు, అరగంటకి కాస్త అటూ ఇటూ. దాన్ని టేపు చెయ్యమని మెకార్ట్నీ ప్రెస్ ఆఫీసర్‌కి చెప్పాడు. చివరి పాట మధ్యలోనే టేపు అయిపోయింది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఆ నెల 5నే 'రివాల్వర్' ఆల్బమ్ వచ్చింది. అమెరికా టూర్‌లో అందులోంచి ఒక్క పాటా వాయించలేదు. 'ఎలనార్ రిగ్బీ'కి ఎనిమిది మంది వయొలిన్, వయోలా, చెల్లో వాళ్ళు కావాలి, 'టుమారో నెవర్ నోస్'కి తిరగేసిన టేపులు కావాలి. స్టూడియోలో వాళ్ళు అంత ముందుకెళ్ళిపోయారు. స్టేజీ మీద మాత్రం పాతవే, అవీ నానాటికీ నాసిగా. కళాకారుడికి ఇంతకన్నా నరకం ఉండదు. జనం తిట్టినా తట్టుకోవచ్చు, తప్పు వాయించినా చప్పట్లు కొడుతుంటే తట్టుకోవడం కష్టం.

మానిటర్లు ఉండి ఉంటే కొనసాగేవాళ్ళా? మెకార్ట్నీ కొనసాగేవాడేమో. జార్జ్ అయితే ససేమిరా అనేవాడు, అతనికి ఆ హడావిడంటేనే వెగటు పుట్టింది. కానీ నలుగురూ వాయించడం మర్చిపోలేదు. 1969 జనవరి 30న లండన్‌లో తమ ఆఫీసు పైకప్పు మీద వాయించినప్పుడు చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, కింద పోలీసులు వచ్చారు. అయినా 'డోంట్ లెట్ మి డౌన్' ఎంత బిగువుగా ఉంటుందో వినండి. అది వినే ముందు, టూర్ల రోజుల్లో రికార్డయి 1977లో విడుదలైన హాలీవుడ్ బౌల్ షో ఒకటి వినండి, అందులో కేకలే ఎక్కువ. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే తేడా ఇంకా బాగా తెలుస్తుంది.