ఈబీ-5 గ్రీన్‌కార్డు: ఆస్తి ఎంతుందని కాదు, వైట్ ఎంతుందని చూడాలి

ప్రశ్న: నాకు 55 ఏళ్లు. అనంతపురంలో ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపు ఉంది. మావాడు డాలస్‌లో హెచ్1బీ మీద ఉద్యోగం చేస్తున్నాడు. పాపకు 19 ఏళ్లు, ఇక్కడే బీటెక్. ‘8 లక్షల డాలర్లు పెట్టండి, ఇంటిల్లిపాదికీ గ్రీన్‌కార్డు, అయిదేళ్లకు అసలు గ్యారంటీగా వెనక్కి’ అంటున్నాడు ఒక ఏజెంటు. గార్లదిన్నె దగ్గర 12 ఎకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది, ఎకరా 30 లక్షలు పలుకుతోంది. టౌన్లో 2006లో 20 లక్షలకు కొన్న స్థలం ఇప్పుడు 4 కోట్లు చేస్తుంది. ఎఫ్‌డీలు కోటిన్నర. తోటకు పార్టీ వచ్చాడు. ఎకరా 8 లక్షలకు రిజిస్ట్రేషన్, మిగతాది క్యాష్ ఇస్తానంటున్నాడు. అమ్మి పంపమంటారా?

జవాబు: తోట మీద బయానా తీసుకోకముందే రాశారు, మంచిపని చేశారు. ఈ బేరానికి ఒప్పుకోవద్దు.

ముందు ఏజెంటు చెప్పిన రెండు మాటలు చూద్దాం. అతను చెబుతున్నది ఈబీ-5, అంటే అమెరికాలో పెట్టుబడి పెట్టినవారికి గ్రీన్‌కార్డు ఇచ్చే పథకం. ఇందులో పెట్టుబడి పెట్టిన మనిషికి, భార్య లేదా భర్తకు, పెళ్లికాని 21 ఏళ్లలోపు పిల్లలకు మాత్రమే గ్రీన్‌కార్డు వస్తుంది. మీరు దరఖాస్తు చేస్తే మీ ఆవిడ, పాప వస్తారు. హెచ్1బీ మీదున్న మీవాడు రాడు. మీవాడే చేస్తే మీరెవరూ రారు. గ్రీన్‌కార్డు వచ్చిన అయిదేళ్లకు పౌరసత్వం తీసుకుంటే అప్పుడు తల్లిదండ్రుల్ని పిలిపించుకోవచ్చు. చెల్లెలికైతే క్యూ చాలా పొడవు. కాబట్టి ‘ఇంటిల్లిపాదికీ’ అన్నది మీ ఇంటికి వర్తించదు. ఇక గ్యారంటీ: పెట్టిన సొమ్ముకు నష్టభయం ఉండి తీరాలని అమెరికా నిబంధనే చెబుతోంది. అసలు తిరిగిస్తామని ఎవరైనా కాగితం మీద రాసిస్తే ఆ కాగితమే పిటిషన్ కొట్టేయడానికి కారణమవుతుంది. ఏజెంటును ఒక్క ప్రశ్న అడగండి: ‘ఐ-956కే ఫారంతో నమోదు చేసుకున్నారా?’ 2022 మార్చి 15 నాటి చట్టం ప్రకారం ఈబీ-5 ప్రాజెక్టులు అమ్మిపెట్టే మధ్యవర్తులు అలా నమోదు కావాలి. నీళ్లు నమిలితే అతనితో మాటలు అక్కడికి చాలించండి.

మీ ఇంట్లో అర్థమున్న దారి ఒక్కటే, దరఖాస్తుదారు మీవాడు కావడం. గ్రామీణ ప్రాంతాలకు, నిరుద్యోగం ఎక్కువున్న ప్రాంతాలకు, మౌలిక వసతుల ప్రాజెక్టులకు కనీస పెట్టుబడి 8 లక్షల డాలర్లు. మిగతా చోట్ల 10.5 లక్షలు. ఒక్కో పెట్టుబడిదారు లెక్కన 10 పూర్తికాల ఉద్యోగాలు పుట్టాలి. ఈబీ-5 వీసాల్లో 20 శాతం గ్రామీణ ప్రాజెక్టుల కోటా, పైగా ఆ ఫైళ్లు ముందు చూస్తారు. కోటాలో వీసా అందుబాటులో ఉంటే, అక్కడే ఉన్నవాడు కనుక ఐ-526ఈ (పెట్టుబడి పిటిషన్)తో పాటే ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) వేసుకోవచ్చు. ఆ తర్వాత పనిచేసే అనుమతి వస్తే ఉద్యోగం పోయినా 60 రోజుల్లో మరోటి వెతుక్కోవాలనే హెచ్1బీ గడువు కత్తి మెడ మీద ఉండదు. మొదట వచ్చేది రెండేళ్ల షరతుల కార్డు. అది ముగిసే ముందు 90 రోజుల్లో ఐ-829 (షరతులు తీసేయమనే పిటిషన్) వేసి, ఉద్యోగాలు పుట్టినట్టు రుజువు చేస్తేనే శాశ్వతం. పెట్టుబడి మీద రాబడి నామమాత్రం, అసలు చేతికి రావడానికి అయిదారేళ్లు పట్టడం మామూలే.

డబ్బు ఎలా వెళ్తుందో చూడండి. ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు సొమ్ము పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం) కింద ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో పంపగలిగేది 2.5 లక్షల డాలర్లు. మీరు, మీ ఆవిడ చెరో 2 లక్షలు మార్చిలో, మళ్లీ చెరో 2 లక్షలు ఏప్రిల్లో కొడుకుకు బహుమతిగా పంపితే 8 లక్షలు నెలలోపే పూర్తవుతుంది. మీ ఆవిడ ఖాతాలోకి మీరు వేసే సొమ్ము బ్యాంకు ద్వారానే వెళ్లాలి, గిఫ్ట్ డీడ్ ఉండాలి. ప్రాజెక్టు నిర్వాహకుల ఫీజు సాధారణంగా 50 వేల నుంచి 80 వేల డాలర్లు. అదీ, లాయరు ఖర్చూ మీవాడి పొదుపులోంచి పోవాలి.

డాలరు 90 రూపాయలనుకుంటే 8 లక్షలకు 7.2 కోట్లు. ఒక్కొక్కరికీ ఏడాదికి 10 లక్షలు దాటిన బహుమతి మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే ఆదాయపన్ను) పట్టుకుంటుంది. ఒక విడత 1.8 కోట్లు, అందులో 1.7 కోట్ల మీద 34 లక్షలు. నాలుగు విడతలకు 1.36 కోట్లు. ఇది ఖర్చు కాదు, రిటర్నులో తిరిగొస్తుంది లేదా మీ ముందస్తు పన్నులో సర్దుకోవచ్చు. అయితే మార్చిలో పట్టుకున్నది ఆ జులై రిటర్నుకే అడగవచ్చు, ఏప్రిల్లో పట్టుకున్నది మాత్రం ఏడాది పైన ఇరుక్కుంటుంది. మొత్తం మీద చేతిలో 8.56 కోట్ల వైట్ ఉండాలి.

మీ దగ్గర ఎంతుంది? తోట 96 లక్షలకు రిజిస్టరైతే అంతే వైట్. టౌన్ స్థలాన్నీ ఇలాగే కోటిన్నరకు రాయిస్తే అదో కోటిన్నర. ఎఫ్‌డీలు కలిపి 3.96 కోట్లు. చూసే కళ్లకు 9.1 కోట్ల ఆస్తి, బ్యాంకు పంపగలిగేది అందులో సగం కూడా లేదు. మిగిలిన క్యాష్ ఈబీ-5కి చిల్లిగవ్వ పనికిరాదు. బహుమతి ఇచ్చినవాళ్ల డబ్బు ఎక్కడిదో కూడా అమెరికా అధికారులు అడుగుతారు, ఏడేళ్ల పన్ను రిటర్నులు చూస్తారు. పైగా స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే ఇక్కడే ఆ నగదుకు సమానమైన జరిమానా పడుతుంది.

ఫైళ్లు ఎక్కువగా ఇరుక్కునేది కూడా ఈ కాగితాల దగ్గరే. 1బీ (భూమి హక్కుల రికార్డు) ఇంకా తాతగారి పేరున ఉంటుంది, అన్నదమ్ముల భాగపరిష్కారం నోటిమాటతో జరిగి ఉంటుంది, అప్పుడు అమ్మిన సొమ్ములో మీ వాటా ఎంతో రుజువు చేయలేరు. రిటర్నుల్లో ఏటా 8 లక్షల ఆదాయం చూపి కోటిన్నర ఎఫ్‌డీ పెట్టినా అంతే. చీనీ అమ్మిన మండీ బిల్లులు, ఆ డబ్బు ఖాతాలో పడిన ఎంట్రీలు జతపడాలి.

ఒక మంచి సంగతి, అనంతపురం జనాభా లక్షకు పైన, 10 లక్షల లోపు కనుక కార్పొరేషన్ హద్దు నుంచి 6 కిలోమీటర్లు దాటిన సాగుభూమి మీద మూలధన లాభాల పన్ను లేదు. అది రోడ్డు దూరం కాదు, నేరు దూరం. తహసీల్దారు నుంచి కాగితం తీసుకోండి. మీ తోటకు ఈ మినహాయింపు వర్తిస్తుంది. అంటే పూర్తి ధర దస్తావేజులో రాయించుకున్నా మీకు పన్ను భారం లేదు, స్టాంపు ఖర్చు కొనేవాడిది. టౌన్ స్థలానికి 3.8 కోట్ల లాభం మీద 12.5 శాతం, దగ్గర దగ్గర 47.5 లక్షలు, సర్‌చార్జీ, సెస్ అదనం.

మొత్తం వైట్‌లో అమ్మినా 8.6 కోట్లు వస్తుంది, సర్‌చార్జీ కడితే అదీ తగ్గుతుంది. అంటే మీ తోట, స్థలం, ఎఫ్‌డీలు అన్నీ ఎవరో కట్టే ఒక్క ప్రాజెక్టులో పెట్టి, టీసీఎస్ వాపసు కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం. ఈ వయసులో షాపు తప్ప మరో ఆసరా లేకుండా అలా చేయమని నేను చెప్పలేను. ఇంకో విషయం మీవాడికి కూడా చెప్పండి: ఎన్‌ఆర్‌ఐలు వారసత్వంగా వచ్చిన సాగుభూమి ఉంచుకోవచ్చు, కొత్తగా కొనడానికి వీల్లేదు. ఈ 12 ఎకరాలు పోతే అక్కడ స్థిరపడ్డాక వాడు సెంటు సేద్యపు నేల కొనలేడు.

2026 సెప్టెంబరు 30లోపు పిటిషన్ వేసినవాళ్లకు ప్రోగ్రాం తర్వాత ఆగినా రక్షణ ఉంది, 2027 జనవరి నుంచి కనీస మొత్తాన్ని ద్రవ్యోల్బణం ప్రకారం పెంచుతారు. ఈ రెండు తేదీలు చూపించే మిమ్మల్ని తొందరపెడతారు. మొత్తం పెరిగినా ఫరవాలేదు, సగం క్యాష్‌కు అమ్ముకోవడం కంటే అదే నయం.

తోట ఉంచుకోండి. టౌన్ స్థలాన్ని మాత్రం బ్యాంకు లోనుతో కొనే పార్టీకి అమ్మజూపండి. లోను తీసుకునేవాడికి పూర్తి ధర దస్తావేజులో ఉండటమే కావాలి. ఈలోపు ఈసీ, లింకు దస్తావేజులు, 1బీ, అడంగల్, ఏడేళ్ల రిటర్నులు ఒక ఫైలులో పెట్టి సీఏకి చూపించండి. వైట్ మొత్తం అవసరానికి రెట్టింపు ఉన్ననాడు ఈబీ-5 గురించి మళ్లీ మాట్లాడదాం. ఆ రోజు వచ్చి డబ్బు పంపితే, విదేశాల నుంచి లక్ష డాలర్లు దాటి వచ్చిన బహుమతిని మీవాడు 3520 ఫారంలో అక్కడి పన్ను శాఖకు చూపాలి. మరిస్తే నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా.

పాప ఎంఎస్‌కు వెళ్తానంటే బ్యాంకు విద్యారుణం తీసుకోండి. ఆ రుణంతో పంపే ఫీజు మీద 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ అసలు లేదు.