శిబిరంలో జ్వరం దాచుకునేవాళ్లు

చి. సౌ. మాధవిని అత్త ఆశీర్వదించి రాయునది.

వరద శిబిరంలో డ్యూటీ వేశారని, నీకు టెన్షన్‌గా ఉందని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచినప్పుడు నేను శిబిరాల్లో పనిచేశాను. 2020లో కరోనా వచ్చి, సుగ్గికి, అంటే వలస కూలికి పోయినవాళ్లంతా తిరిగొచ్చి క్వారంటైన్‌లో ఉన్నప్పుడూ చూశాను. ఊళ్లలో తిరిగే నర్సుగా, అదే ఏఎన్ఎంగా నాకు తెలిసింది రాస్తున్నా, నిదానంగా చదువుకో.

శిబిరంలో నీకు మొదట ఎదురయ్యేది జబ్బు కాదు, జబ్బును దాచుకోవడం. జ్వరమని చెబితే వేరే గదిలో పెడతారేమో, పిల్లల్ని ఎవరు చూస్తారు, మూటాముల్లె ఎవరు కాస్తారు, పరిహారం జాబితా రాసేటప్పుడు తాము లేకపోతే పేరు ఎగిరిపోతుందేమో అని వాళ్ల భయం. ఆ భయానికి కారణం ఉంది, తల్లీ. బడి వరండాలో ఒక ముసలమ్మ తడిగుడ్డ నుదుటికేసుకుని పడుకుని, “ఏంల్యాదు తల్లీ, గాలి తగిలింది” అంటూ ఉండేది. థర్మామీటరు పెడితే 102. ఎంత చెప్పినా ఆసుపత్రికి కదల్లేదు. తన మేకను కిటికీ ఊచకు కట్టేసి ఉంది, దాన్ని వదిలి ఎట్లా పోతుంది? పక్కింటామె “నేను చూసుకుంటాలే పెద్దమ్మా” అని మేక తాడు చేతికి తీసుకున్నాకే అంబులెన్స్ ఎక్కింది.

అందుకే “జ్వరముంటే చెప్పండి” అని మైకులో అనే ముందు వీఆర్వోను కలువు. ఆసుపత్రికి పోయినవాళ్ల పేరు ఏ జాబితా నుంచీ తీసెయ్యబోమని అందరి ముందూ ఆయన చేతనే చెప్పించు. ఆ మాట మనం చెబితే నమ్మరు. మైకు తెలుగులో మాత్రమే మోగితే సరిపోదు. పాతబస్తీ వాళ్లకు ఉర్దూలో, ఆదోని, కోసిగి వైపు వాళ్లకు కన్నడంలో, తండావాళ్లకు వాళ్ల మాటలో ఎవరైనా చెప్పాలి. శిబిరంలోనే అట్లాంటి ఆడవాళ్లను ఇద్దరు ముగ్గుర్ని వెతుక్కో. నీకు కుడిభుజం వాళ్లే.

ఇది నా ఒక్కదాని అనుభవమే కాదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు బెంగాల్లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించింది. సెలైన్ సీసాలు అయిపోవస్తే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లను రోగుల బంధువుల చేతికిచ్చి తాగించమన్నాడు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. నర్సులు చాలని చోట తల్లులు, అక్కలు చేసిన పని అది. నీ దగ్గర అట్లాంటి నీళ్లు కలిపే ఓఆర్ఎస్ పొడి ఉంది కాబట్టి ప్రతి గదిలో ఒక తల్లికి కలపడం నేర్పు. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి పోయాలి, సగం సగం వద్దు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. విరేచనాల పిల్లలకు జింక్ మాత్ర 14 రోజులు, మోషన్స్ ఆగినా సరే.

నీళ్ల ట్యాంకరు వచ్చిన ప్రతిసారీ క్లోరిన్ వేశారో లేదో నువ్వే అడుగు. మాత్రలైతే పట్టీ మీద ఎన్ని లీటర్లకో చదివి వేసి, అరగంట ఆగి తాగనివ్వు. శిబిరాలకు అంతర్జాతీయంగా పెట్టుకున్న లెక్క మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి. మన బడుల్లో అది ఎక్కడ కుదురుతుంది, కానీ ఆ లెక్క చూపించి అడిగితే ఎమ్మార్వో ఆఫీసులో మాట చెల్లుతుంది. మరుగుదొడ్డి దగ్గర లైటు తప్పకుండా పెట్టించు. చీకట్లో పోవాలని భయపడి ఆడవాళ్లు సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తారు, అందులో గర్భిణులూ ఉంటారు.

దగ్గు, జ్వరం ఉన్నవాళ్లను కిటికీలున్న గదిలోకి, ఇంటి మనిషి ఒకరు తోడుండేట్టు మార్చు. ఆయాసమొస్తే తెల్లారేదాకా ఆగొద్దు, 108కి చెయ్యి. రెండు వారాలు దాటిన దగ్గైతే కళ్లె పరీక్షకు పంపు. ఆరు నెలల నుంచి పదిహేనేళ్ల పిల్లలకు తట్టు టీకా గురించి మెడికల్ ఆఫీసరును మొదటి రోజే అడుగు. కిక్కిరిసిన చోట తట్టు ఒకరి నుంచి ఒకరికి ఇట్టే పాకుతుంది.

కాగితాలు వరదలో పోయినవాళ్లకు టీకా వేయడానికి ఎవరైనా వెనక్కి తగ్గితే ఊరుకోవద్దు. 2021 మేలో కేంద్ర ఆరోగ్య శాఖే ఏ గుర్తింపు కార్డూ లేనివాళ్లకు, పునరావాస శిబిరాల్లో ఉన్నవాళ్లకు కూడా కరోనా టీకా వేయడానికి విధానం పెట్టింది. ఆ సంగతి గుర్తుచేసి గట్టిగా అడుగు.

ఇక బీపీ, షుగర్, మూర్ఛ, టీబీ మాత్రలు, హెచ్‌ఐవీకి ఇచ్చే ఏఆర్‌టీ మాత్రలు వాడేవాళ్లు. వీళ్లు అడగరు, ఎందుకంటే మాత్రలు ఇంట్లోనే తడిసిపోయుంటాయి, సిగ్గు కూడా. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగి, పేర్లు నీ పుస్తకంలోనే రాసుకో. ఆ పుస్తకం ఎవరికీ చూపించొద్దు, టేబుల్ మీద వదలొద్దు. మొదటి రోజు సాయంత్రానికే ఆ జాబితాతో పీహెచ్‌సీకి పో, ముందు టీబీ మాత్రలు తెచ్చుకో. రాత్రి ఎంత పొద్దుపోయినా నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త