మందు కొట్టే పంపు బావి దగ్గర కడగొద్దు

అబ్బాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

మిరప చేను కౌలుకి తీసుకున్నావనీ, బావి నీళ్లు మందు వాసన కొడుతున్నాయనీ మీ నాన్న చెప్పాడు. ముందు ఆ నీళ్లు తాగడం ఆపండి, పశువులకూ పెట్టొద్దు. కాస్తే మందు పోతుందనుకోకు, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడేవీ ఉన్నాయి. ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు పురుగుమందుల అవశేషాలు చూడమని విడిగా అడుగు. మామూలు నీటి పరీక్షలో అవి చూడరు.

అందరూ చేలో కొట్టిన మందునే తిడతారు. బావి చెడేది ఎక్కువగా మందు కలిపే చోట, పంపు కడిగే చోట. చేలో పలచగా పడినదాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు చాలావరకు తినేస్తాయి. ఒకే చోట చిక్కగా ఒలికితే వాటివల్ల కాదు, వానకి కిందికి దిగిపోతుంది. డబ్బా మూత కిందుండే వెండి రేకులు నీళ్ల తొట్టిలో తేలుతుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది.

బావికి దూరంగా, వరద నీళ్లు చేరని చోట రెండడుగుల లోతు గుంట తవ్వు. అడుగున నాలుగంగుళాల మందాన బంకమట్టి మెత్తు. దానిపైన వరిగడ్డి రెండు వంతులు, చివికిన కంపోస్టు ఒక వంతు, మీ పొలం మట్టి ఒక వంతు కలిపి నింపు. పైన గరిక పెరగనివ్వు. పంపు అక్కడే కడుగు. గడ్డిని కుళ్లబెట్టే బూజే మందునీ విరిచేస్తుంది. స్వీడన్ రైతులు 1990ల నుంచీ ఇలాంటి గుంటలు వాడుతున్నారు. ఏటా కుంగుతుంది, మళ్లీ నింపాలి. మరీ తడిసి ముద్దయితే పని చెయ్యదు, వానాకాలం పైన రేకు కప్పు.

ఖాళీ డబ్బాలో పావు వంతు నీళ్లు పోసి, అర నిమిషం గిలకొట్టి, పంపులోకే వంచు. అలా మూడుసార్లు. తర్వాత అడుగున మేకుతో పొడిచెయ్, లేకపోతే ఎవరో ఒకరు నీళ్లు పట్టుకుంటారు.

ఇక భూమి సంగతి. ఎండోసల్ఫాన్‌ని 2011లో సుప్రీంకోర్టు ఆపేసింది కానీ, అలాంటి పాత మందులు మట్టిని పట్టుకుని ఏళ్ల తరబడి ఉంటాయి. ఇంటి కూరకని గుమ్మడి, దోస పాదులు అక్కడ పెట్టొద్దు. ఆ జాతి తీగలు పాత మందుల్ని వేళ్లతో లాక్కుంటాయి. తొలకరికి జీలుగ గానీ జనుము గానీ చల్లి, పూతకొచ్చాక కలియదున్ను. మట్టిలో సేంద్రియం పెరిగితే సూక్ష్మజీవులకి తిండి దొరుకుతుంది, మందు కూడా నీళ్లలోకి తొందరగా జారదు. ఒక్క ఏడాదితో తేలే పని కాదు.

గుంటకి గడ్డి చాలకపోతే ఫోన్ చెయ్, మన వాము నుంచి పంపిస్తాను.

మీ పెద్దనాన్న