పెళ్లి ఫొటోలు కొత్త డిస్క్‌లోకి మార్చాలి, రోబోకాపీయా ఆర్‌సింకా?

ప్రశ్న: సార్, గుంటూరు అరండల్‌పేటలో మాది ఫొటో స్టూడియో. పాత 4 టీబీ హార్డ్ డిస్క్ నిండా పెళ్లిళ్ల రా (RAW) ఫైళ్లే, అంటే కెమెరా నుంచి వచ్చిన అసలు ఫొటోలే, కొత్తదాంట్లోకి ఎక్కించాలి. విండోస్‌లో మామూలుగా కాపీ పేస్ట్ కొడితే మధ్యలో కరెంటు పోయిందంటే ఏవి వచ్చాయో ఏవి రాలేదో తెలీట్లేదు. కాపీ చేసే టూల్ వాడమని మా తమ్ముడు ఆర్‌సింక్ అంటాడు, ఇంకొకాయన రోబోకాపీ అంటున్నాడు. ఏది ఫాస్టండీ?

జవాబు: ముందు కేబుల్ ఏ పోర్టుకి పెట్టారో చూడండి. యూఎస్‌బీ 2.0 అయితే సెకనుకి 30, 40 ఎంబీ మించి రాదు, 4 టీబీకి ఒక రోజు పైనే పడుతుంది, ఏ టూల్ పెట్టినా అంతే.

ఆర్‌సింక్ 1996 నుంచీ ఉంది, లినక్స్ అయితే కళ్లు మూసుకుని అదే వాడమనేవాణ్ని, కానీ విండోస్‌లో నేరుగా రాదు, డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) పెట్టుకుని అందులోంచి డీ డ్రైవ్ చదివిస్తే నత్తనడకే. మీకు రోబోకాపీ చాలు. విస్టా నుంచి విండోస్‌లోనే వస్తోంది, కరెంటు పోయినా మళ్లీ అదే కమాండ్ కొడితే అయిపోయినవి వదిలేసి మిగతావి పట్టుకుంటుంది.

సబ్‌ఫోల్డర్లన్నీ రావాలంటే కమాండ్ చివర స్లాష్ ఈ (/E) పెట్టండి. దాంతోపాటు స్లాష్ ఆర్ కోలన్ 2 (/R:2, అంటే రెండుసార్లే మళ్లీ ట్రై చెయ్యమని), స్లాష్ డబ్ల్యూ కోలన్ 5 (/W:5, మధ్యలో 5 సెకన్లు ఆగమని) తప్పనిసరి, ఎందుకంటే ఇవి ఇవ్వకపోతే చదవడానికి రాని ఫైల్ దగ్గర 30 సెకన్లకోసారి చొప్పున 10 లక్షల సార్లు ట్రై చేస్తుంది, లెక్కేసుకోండి, ఒక్క ఫొటో దగ్గరే దాదాపు ఏడాది! పాత డిస్క్ కదా, బ్యాడ్ సెక్టార్లు (పాడైపోయి చదవడానికి రాని చోట్లు) ఉండే ఉంటాయి. స్లాష్ ఎంటీ (/MT) అని ఒకటుంది, నంబర్ ఇవ్వకపోతే 8 ఫైళ్లు ఒకేసారి లాగుతుంది, 128 దాకా పెంచొచ్చు, కానీ తిరిగే హార్డ్ డిస్క్‌కి అంత పెడితే డేటా చదివే హెడ్ అటూ ఇటూ పరిగెత్తి ఇంకా స్లో అవుతుంది. మీ రా ఫైళ్లు ఒక్కోటీ పెద్దవే, /MT:2 పెట్టండి చాలు.

ఎవరో చెప్పారని స్లాష్ ఎంఐఆర్ (/MIR) మాత్రం కొట్టకండి బాబూ, పాతదాంట్లో లేనివి కొత్తదాంట్లో ఉంటే అడక్కుండా డిలీట్ చేసేస్తుంది.

ఇంకోటి, రోబోకాపీ కాపీ చేశాక లోపలి డేటాని పోల్చి చూడదు. ఆ పనికి ఆర్‌క్లోన్ (rclone) అనే ఇంకో టూల్ దించుకుని దాని చెక్ కమాండ్ రెండు డిస్కుల మీదా నడపండి, తేడా ఉన్న ఫైళ్ల పేర్లు చూపిస్తుంది. రెండు డిస్కులూ మొత్తం చదవాలి కాబట్టి టైం పడుతుంది, రాత్రి షాపు కట్టేసేటప్పుడు పెట్టి వెళ్లండి, స్లీప్ మోడ్ ఆపేసి. అది క్లీన్‌గా వచ్చేదాకా పాత డిస్క్ ఫార్మాట్ చెయ్యొద్దు.