ఆ ఫోను ఇంటిల్లిపాదిది

బిడ్డా,

దేవరకొండ దాటాక ఉన్న తండా బడిలో చేరావని, పై తరగతుల పిల్లల కోసం వాట్సాప్ గ్రూపు, పాఠాలకు ఒక బ్లాగు మొదలుపెట్టాలని ఉందని రాశావు. చదివి చాలా సంతోషించాను. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో లెక్కలు చెప్తూ చివరి పదేళ్లు నేనూ ఈ రెండూ నడిపాను. నాకు ఆలస్యంగా తెలిసిన సంగతులు నీకు ముందే తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు పంపే మెసేజ్ పిల్లవాడికి చేరదు, ఇంటికి చేరుతుంది. మన వైపు ఫోను పొద్దున్నే తండ్రి జేబులో పడి పనికి వెళ్లిపోతుంది. కొన్ని ఇళ్లలోనైతే బడి రిజిస్టరులో రాయించిన నంబరు పుణెలోనో ముంబయిలోనో ఉంటుంది. అమ్మానాన్నలు మేస్త్రీ వెంట వలస పోతే పిల్లలు నానమ్మ దగ్గర ఉండి చదువుకుంటారు. బడిలో నువ్వు రాసింది ముందుగా అక్కడ, భవనాలు కట్టే చోట, నలుగురి మధ్య చదువుతారు.

ఇది నాకు అర్థం కావడానికి ఒక ఆడపిల్ల బాధపడాల్సి వచ్చింది. ఒకసారి పరీక్ష మార్కుల పట్టికను ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. ఒక్కొక్కరికీ చెప్పే పని తప్పుతుందనుకున్నాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నాలుగు రోజులు బడికి రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే నానమ్మ చెప్పింది. పుణెలో ఉన్న తండ్రి ఆ పట్టికను తోటి ఊరివాళ్ల ముందు చూశాడట. చదువు మాన్పించి తనతో పనికి తీసుకుపోతానన్నాడట. రెండు సాయంత్రాలు ఆయనతో ఫోనులో మాట్లాడాను. పిల్ల తిరిగి వచ్చింది, పది కూడా పాసైంది. అయినా ఆ నాలుగు రోజులు నా వల్ల పోయినవే. మార్కులు, గైర్హాజరు, మందలింపు గ్రూపులోకి రానివ్వకు. అవి ఆ ఇంటివాళ్లకు మాత్రమే, వీలైతే ఎదురుగా కూర్చుని చెప్పు.

గ్రూపులో చేరిన ప్రతి ఒక్కరి నంబరూ మిగిలిన అందరికీ కనిపిస్తుంది. ఆడపిల్లల ఇళ్ల నంబర్లు అలా బయటపడడం నాకు ఏనాడూ నచ్చలేదు. నేను బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడేవాణ్ణి. అందులో ఒకరి నంబరు మరొకరికి తెలియదు, 256 మంది వరకూ చేర్చవచ్చు. చిక్కల్లా ఒకటే, నీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది అందుతుంది. అందుకే తల్లిదండ్రులు బడికి వచ్చిన రోజు వాళ్ల ఫోను తీసుకుని నువ్వే సేవ్ చేసి ఇవ్వు. గ్రూపే కావాలనుకుంటే అడ్మిన్లు మాత్రమే పంపేలా పెట్టి, మీ హెచ్.ఎం.ను కూడా అడ్మిన్‌గా చేర్చు. రేపు నీకు బదిలీ అయినా గ్రూపు బడికి మిగులుతుంది.

ఏ విద్యార్థితోనూ విడిగా చాటింగ్ పెట్టుకోకు. నువ్వు ఆడదానివి కాబట్టి పరవాలేదనుకోకు. సందేహం విడిగా వస్తే, అడిగినవారి పేరు తీసేసి జవాబు అందరికీ పంపు. అయితే ఏ రాత్రో ఒక బిడ్డ భయపడుతూ మెసేజ్ పెడితే ఈ నియమం పట్టుకుని కూర్చోవద్దు. నాకు అలాంటివి రెండు వచ్చాయి, రెండూ పెళ్లి కుదిర్చారనే. వెంటనే ఫోను చేసి మాట్లాడు, హెచ్.ఎం.కు అదే రోజు చెప్పు, ఆపదలో ఉన్న పిల్లల కోసం పెట్టిన హెల్ప్‌లైన్ 1098కి తెలియజెయ్యి. ఆ నంబరును మాత్రం మొదటి రోజే పిల్లలందరితో నోట్‌బుక్ అట్ట మీద రాయించు.

తల్లుల్లో చాలామంది చదవలేరు. రాత్రి ఏడు దాటాక, ఫోను ఇంటికి చేరే వేళకు, అర నిమిషం వాయిస్ మెసేజ్ పంపు. మీ తండాలో ఇంట్లో మాట్లాడేది లంబాడీ కదా. ముఖ్యమైన కబురైతే ఆ భాష వచ్చిన తోటి టీచరుతో చెప్పించు. నానమ్మలు దాన్ని మళ్లీ మళ్లీ వింటారు. వీడియోలు తగ్గించు, రోజుకు ఇచ్చే డేటా సాయంత్రానికే అయిపోయే ఇళ్లు ఎక్కువ. పిల్లల ఫోటోలు తల్లిదండ్రులను అడగకుండా ఎక్కడా పెట్టకు, నీ స్టేటస్‌లో కూడా.

ఫోనే లేని పిల్లల సంగతి నన్ను ఇప్పటికీ కలతపెడుతుంది. కరోనాకు బడులు మూతపడి, 2020 సెప్టెంబరు 1న రాష్ట్ర ప్రభుత్వ చదువుల చానల్ టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలైనప్పుడు, టీవీ లేని పిల్లలు పక్కింటి గడప బయట నిలబడి చూడడం నా కళ్లతో చూశాను. ఆ తర్వాత ఇంటిపని ఎప్పుడూ తరగతిలోనే ఇచ్చాను. ఫోనులో పంపిన ప్రతి మాటనూ మర్నాడు ప్రార్థనకు ముందే బోర్డు మీద రాశాను. మెసేజ్ చూడలేదని ఒక్క పిల్లనూ నిలబెట్టకు బిడ్డా.

ఇక బ్లాగు. వాట్సాప్‌లో పెట్టింది వారంలో ఎక్కడికో కొట్టుకుపోతుంది, బ్లాగులోది వచ్చే ఏడాది పిల్లలకూ దొరుకుతుంది. అయితే పుస్తకంలో ఉన్నదే మళ్లీ టైపు చేస్తే ఎవరూ చదవరు. తరగతి ఎక్కడ తడబడిందో అది రాయి. వర్గమూలం ఎంత చెప్పినా పిల్లల తలకెక్కని ఏడాది, నేను గుంట లెక్క రాశాను. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. మరి గుంట భూమి సరిగ్గా చదరంగా ఉంటే ఒక్కో వైపు ఎన్ని గజాలు? పదకొండు. పిల్లలు దాన్ని ఇంట్లో చదివి వినిపించారు. ఒక తాత మనవడిని చేనుకు తీసుకెళ్లి తాడుతో కొలిపించాడు. వలస వెళ్లిన తండ్రి ఒకాయన ఫోను చేసి, తన మూడు ఎకరాల పది గుంటలు ఎన్ని చదరపు గజాలవుతుందో కొడుకు చెప్పాడని, అది సరేనా అని అడిగాడు. సరే, 15,730.

నీ మొదటి పాఠం మీ ఊరి చేలలో, బావుల్లో వెతుకు. బ్లాగులో పెట్టే ముందు నాకు పంపు, లెక్క సరిచూసి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ లెక్కల సారు