జర్మనీ నేవీ వాళ్లు 1945లో నేల మీద పోరాడారా?

"రెండో ప్రపంచ యుద్ధం చివర్లో ఓడల మీద ఉండాల్సిన నావికులు పొలాల్లో పోరాడటమేంటి, కట్టుకథ కాదా?" అని అడిగారు. కట్టుకథ కాదు. అయితే ఒక సమాధి రాయి చూసేదాకా నాకూ తెలీదు.

నా ఉద్యోగం హానోవర్‌లో. ఒక ఆదివారం అల్లర్ నది వెంట సైకిల్ మీద వెళ్తూ (పేరు అలాగే పలుకుతారు, నాకెప్పుడూ మన అల్లరి గుర్తొస్తుంది) మొహం కడుక్కుందామని ఒక ఊరి శ్మశానం దగ్గర ఆగాను. మొక్కలకు పోసుకోవడానికి అక్కడ కుళాయి ఉంటుంది. పక్కనే వరసగా పొట్టి రాళ్లు. ఒకదాని మీద పేరు, కింద 'మాట్రోజన్‌గెఫ్రైటర్', పుట్టింది 1926, పోయింది 1945 ఏప్రిల్. అది నేవీ ర్యాంకు. సముద్రమేమో అక్కణ్ణుంచి దాదాపు వంద కిలోమీటర్లు!

ఇంటికొచ్చి చదివితే తెలిసింది, వీళ్లది 2వ మరైన్ ఇన్‌ఫంట్రీ డివిజన్ (నావికులతో కట్టిన కాలినడక దళం) అని. పేరు చూసి, ఓడల నుంచి దిగి నేల మీద పోరాడటానికే శిక్షణ పొందే అమెరికన్ మెరైన్ల లాంటి వాళ్లనుకోకండి. అప్పటికి ఓడలు చాలావరకు మునిగాయి, మిగిలినవాటికి నూనె లేదు. నేవీ అధిపతి డోనిట్జ్ ఖాళీగా ఉన్న నావికులను నేల మీది యుద్ధానికి ఇచ్చేశాడు. 1945 మొదట్లో ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో ఈ డివిజన్ కట్టారు. 1వ డివిజన్‌ను తూర్పున ఓడర్ నది దగ్గర రష్యన్ల మీదికి పంపారు.

2వ డివిజన్‌కు కమాండర్ కూడా అడ్మిరలే. ఎర్న్‌స్ట్ షోయర్లెన్ అనే ఆయన, ఏప్రిల్ 8న చనిపోయాడు. ఒక రెజిమెంట్‌కు పెద్ద వెర్నర్ హార్ట్‌మన్. ఈయన 1943లో యు-198 సబ్‌మెరైన్ వేసుకుని హిందూ మహాసముద్రం దాకా వచ్చి, ఆరు నెలలకు పైగా తిరిగి వెళ్లిన కెప్టెన్. రెండేళ్లు తిరక్కుండానే కాలినడక సైన్యం!

ఫిరంగులు తక్కువ, ట్యాంకులను ఆపడానికి భుజాన పెట్టి పేల్చే పాన్‌త్సర్‌ఫౌస్ట్‌లే ఆధారం. ఇలాంటివాళ్లు గంటలో చేతులెత్తేస్తారనుకుంటాం కదా? అల్లర్ ఒడ్డున రేథెమ్ అనే చిన్న ఊళ్లో బ్రిటిష్ 53వ వెల్ష్ డివిజన్‌ను ఏప్రిల్ రెండో వారంలో రోజుల తరబడి నిలబెట్టారు. నదికి ఎగువన వీళ్లకు ఎదురైన కమాండో బ్రిగేడ్‌లో అసలైన రాయల్ మెరైన్లు ఉన్నారు. వాళ్లు ఏళ్ల తరబడి శిక్షణ పొందినవాళ్లు. వీళ్లకు దొరికింది కొన్ని వారాలు. అదే ప్రాంతంలో ఉన్న బెర్గెన్-బెల్సెన్ అనే నాజీల నిర్బంధ క్యాంపును ఏప్రిల్ 15న బ్రిటిష్ వాళ్లు విడిపించారు. అందుకే వీళ్ల మొండితనాన్ని వీరగాథలా చెప్పడం నాకు మింగుడుపడదు. ఎవరి కోసం ఆ నదిని అంత పట్టుగా కాపాడినట్టు?

మే 5న వాయవ్య జర్మనీలో కాల్పులు ఆగిపోయాయి. రాయి మీది కుర్రాడికి మూడు నాలుగు వారాలు తక్కువపడ్డాయి.

మా నాన్న వైజాగ్‌లో నేవీలో చేసి రిటైరయ్యారు, ఇంజన్ రూమ్ మనిషి. ఆ రాత్రి ఫోన్‌లో ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మాకు గొయ్యి తవ్వడం ఎవరూ నేర్పలేదురా" అన్నారు.