ఎలక్ట్రాన్ పోతే ప్లస్ ఎందుకు వస్తుంది? పదో తరగతి అమ్మాయి ప్రశ్నకు జవాబు

పదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి రెండు సందేహాలు అడిగిందని రాశారు. సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుంటే మైనస్ రావాలి గానీ ప్లస్ ఎందుకు వస్తుందన్నది మొదటిది, అసలు ఆ ఎలక్ట్రాన్‌ను అది ఎందుకు వదులుకోవాలన్నది రెండోది. మొదటి దానికి జవాబు చిన్నది. రెండో దానికి బడిలో సాధారణంగా చెప్పే జవాబు సగమే నిజమని, అనంతపురంలో ఇరవయ్యేళ్లుగా రసాయన శాస్త్రం ట్యూషన్లు చెబుతున్న నా అభిప్రాయం.

మొదటి సందేహంలో నేనూ పడ్డాను. క్వార్టర్లీ పరీక్షలో "క్లోరిన్‌కు ఒక ఎలక్ట్రాన్ వచ్చి చేరుతుంది కాబట్టి దాని ఆవేశం ప్లస్ ఒకటి" అని రాసి ఎర్ర సిరా గీత తెచ్చుకున్నాను. తప్పెక్కడో ఎవరూ చెప్పలేదు. తర్వాత ఒకరోజు మా నాన్న విత్తనపు చెనిక్కాయలు తక్కెడలో తూస్తుంటే చూశాను. ముల్లు మధ్యలో నిలిచాక ఆయన కాయల పళ్లెంలోంచి ఒక గుప్పెడు తీస్తే రాళ్ల పళ్లెం కిందికి దిగింది, ఆ వైపు ఎవరూ ఒక్క రాయి కూడా వేయకపోయినా సరే. పరమాణువులో జరిగేదీ అంతే. కేంద్రకంలోని ప్రోటాన్లు ఆ తూకపు రాళ్ల వంటివి, రసాయన చర్యలో వాటిని ఎవరూ కదిలించలేరు. ఎలక్ట్రాన్లు కాయల వంటివి, వచ్చేవీ పోయేవీ అవే. సోడియంలో 11 ప్రోటాన్లకు 11 ఎలక్ట్రాన్లు సరితూగుతాయి. ఒక ఎలక్ట్రాన్ పోతే 11 ధనావేశాలకు ఎదురుగా పదే రుణావేశాలు మిగులుతాయి కాబట్టి నికరంగా ఒక ప్లస్ తేలుతుంది. క్లోరిన్‌లో 17 ప్రోటాన్లకు 18 ఎలక్ట్రాన్లు అయినప్పుడు ఒక మైనస్ మిగులుతుంది. అంటే ప్లస్, మైనస్ అన్నవి వచ్చిందా పోయిందా అన్న లెక్క కాదు, చివరికి ఏ వైపు బరువు మిగిలిందన్న లెక్క. ఇలా ఆవేశం వచ్చిన పరమాణువును అయాను అంటారు, ధనావేశ అయానును కాటయాన్ అంటారు. ఆ మాటకూ మన కాటాకూ ఏ సంబంధమూ లేదు గానీ, నా దగ్గర చదివిన పిల్లలు దాన్ని అలాగే గుర్తు పెట్టుకున్నారు.

ఇక రెండోది. సోడియం, చర్యలకు సులభంగా లొంగని జడవాయువులాగా స్థిరపడాలని "కోరుకుని" ఎలక్ట్రాన్‌ను దానం చేస్తుందని చాలామంది చెబుతారు. నాకు ఆ మాట నచ్చదు. పరమాణువుకు కోరికా లేదు, దానగుణమూ లేదు. ఒంటరి సోడియం పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయాలంటే మోల్‌కు (పరమాణువులను లెక్కించే పెద్ద కొలత అది) సుమారు 496 కిలోజౌళ్ల శక్తి మనమే ఖర్చు పెట్టాలి. ఆ ఎలక్ట్రాన్‌ను క్లోరిన్ పరమాణువు తీసుకున్నప్పుడు తిరిగి వచ్చేది సుమారు 349 కిలోజౌళ్లే. ఇక్కడికే లెక్క ఆపితే 147 కిలోజౌళ్ల నష్టం. ఆ నష్టాన్ని పూడ్చేది మూడో అంశం: ఏర్పడిన ప్లస్, మైనస్ అయాన్లు ఒకదాన్నొకటి ఆకర్షించుకుని, ఒక్కొక్క దాని చుట్టూ ఆరేసి వ్యతిరేక అయాన్లు ఉండేలా స్ఫటికంగా పేర్చుకున్నప్పుడు మోల్‌కు సుమారు 787 కిలోజౌళ్లు విడుదలవుతాయి. దీనినే జాలక శక్తి అంటారు. ఉప్పు పుట్టడానికి అసలు కారణం ఈ రాబడే.

మరి ఎలక్ట్రాన్‌ను ఇచ్చేది సోడియమే, పుచ్చుకునేది క్లోరినే ఎందుకు కావాలి? కర్పరాల వారీగా, అంటే కేంద్రకం చుట్టూ ఉండే పొరల వారీగా, సోడియం ఎలక్ట్రాన్ల అమరిక 2, 8, 1. మూడో కర్పరంలో ఒంటరిగా ఉన్న ఎలక్ట్రాన్‌కూ కేంద్రకానికీ మధ్య పది ఎలక్ట్రాన్లు తెరలా అడ్డం ఉంటాయి. ఈ అడ్డు ఎంతో అంచనా వేసే స్లేటర్ నియమాలతో లెక్కిస్తే, 11 ప్రోటాన్లున్నా ఆ బయటి ఎలక్ట్రాన్‌కు అందే ఆకర్షణ సుమారు 2.2 ప్రోటాన్లకు సమానం. క్లోరిన్ అమరిక 2, 8, 7. ఒకే కర్పరంలోని ఎలక్ట్రాన్లు ఒకదానికొకటి అంతగా అడ్డు పడవు కాబట్టి అక్కడ ఆ విలువ సుమారు 6.1 ఉంటుంది. పట్టు సడలిన చోటి నుంచి ఎలక్ట్రాన్ జారుతుంది, పట్టు గట్టిగా ఉన్న చోటికి చేరుతుంది.

అష్టకం అన్న మాట, అంటే బయటి కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రాన్లుంటే స్థిరమన్న మాట, ఎక్కడ నిజమో కూడా అంకెలే చూపుతాయి. మెగ్నీషియం నుంచి మొదటి ఎలక్ట్రాన్‌ను తీయడానికి 738, రెండోదానికి 1,451, మూడోదానికి ఏకంగా 7,733 కిలోజౌళ్లు కావాలి. మూడోది లోపలి కర్పరంలోది; అంత ఖర్చును ఏ స్ఫటికమూ తిరిగి చెల్లించలేదు. అందుకే మెగ్నీషియం రెండు ప్లస్‌ల దగ్గర ఆగుతుంది. ఆక్సిజన్ మరింత ఆసక్తికరం: మొదటి ఎలక్ట్రాన్ చేరినప్పుడు శక్తి విడుదలవుతుంది, రెండోది మాత్రం అప్పటికే ఉన్న మైనస్ వికర్షణను దాటుకుని రావాలి కాబట్టి శక్తిని పెట్టి నెట్టాల్సిందే. అయినా మెగ్నీషియం ఆక్సైడ్‌లో ఆ రెండు మైనస్‌ల అయాను నిశ్చింతగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ జాలక శక్తి సుమారు 3,800 కిలోజౌళ్లు. ఎనిమిది కోసం ఆశపడుతుందన్న వివరణ ఈ తేడాను చెప్పలేదు.

మీ అమ్మాయికి ఇదంతా కాగితం మీది లెక్కలా అనిపిస్తే మన జిల్లా బోరు నీళ్ల గురించి చెప్పండి. ఫ్లోరిన్ వాయువు తీవ్రమైన విషం, తాకిన దాదాపు ప్రతిదానితోనూ చర్య జరుపుతుంది. మా ఊరి పిల్లల పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు తెచ్చింది ఆ వాయువు కాదు. ఒక ఎలక్ట్రాన్‌ను పుచ్చుకుని శాంతించిన ఫ్లోరైడ్ అయాను. ఇక్కడి గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి అది కరిగి భూగర్భ జలంలోకి వస్తుంది. పంటిలోని ఖనిజంలో ఉండే హైడ్రాక్సైడ్ అయానుకూ దీనికీ ఆవేశం ఒకటే, పరిమాణం దాదాపు ఒకటే, కాబట్టి దాని స్థానంలోకి సులభంగా దూరుతుంది. కొద్ది మోతాదులో అది పంటికి మేలే. తాగునీటి భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తుంది. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లకూ ఎముకలకూ హాని. మా ఇంట్లో చాలాకాలం ఆ నీటిని కాచి తాగితే సరిపోతుందనుకున్నాం. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ అయాను ఎక్కడికీ పోదు. నీరు ఆవిరైన మేరకు గిన్నెలో దాని గాఢత ఇంకాస్త పెరుగుతుంది.